మనం, మేము

పద్నాలుగో అంతస్తులో కూర్చుని
ఇంగ్లీషు ఉత్తరాలకి తెలుగు తొడుగుతాను.
రాయదుర్గంలో మెట్రో దిగి, మెడలో నీలం రిబ్బను సర్దుకుని,
ఏసీకి చున్నీ కప్పుకుని.

పైనుంచి వచ్చే ప్రతి ఉత్తరమూ "వుయ్" అని మొదలవుతుంది.
ఆ మాటకి తలుపు లేదు.
ఎవరు లోపలో ఎవరు బయటో చెప్పకుండానే
పేజీలకి పేజీలు నడిచిపోతుంది.
మన భాష అలా ఊరుకోదు.
మనం అంటే నువ్వూ ఉన్నావు.
మేము అంటే నువ్వు గడపకి అవతల.
ఏదో ఒకటి తేల్చాలి.
ఆ తేల్చే పనికే నాకు జీతం.

వార్షికోత్సవానికి: మనమంతా ఒక్క కుటుంబం.
ఆదివారం షిఫ్టుకి: మనం ఇంకొంచెం కష్టపడదాం.
టీషర్టు వీపు మీదికి: ఇక్కడ పరాయివాళ్లు లేరు.
ఆ చివరిది పూర్తిగా నాదే. ఇంగ్లీషులో అంత బాగా లేదు.
జీడిమెట్ల ప్యాకింగ్ యూనిట్లో
రెండు వందల పది వీపుల మీద ఎక్కి
నా వాక్యం ఏడాదంతా తిరిగింది.
బోనస్ బదులు ఆ టీషర్టే ఇచ్చారని
నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆషాఢంలో ఒక బుధవారం ఇంకో ఉత్తరం.
మూసేస్తున్నామన్న మాట అందులో ఎక్కడా లేదు.
కొత్త ప్రయాణం అని మూడుసార్లు ఉంది.
"మేము ఈ కఠినమైన నిర్ణయం తీసుకున్నాం" అని రాశాను.
ప్రణీత్‌కి తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు.
చదివించుకుని, తల అటూ ఇటూ వంచి,
"కొంచెం కోల్డ్‌గా లేదూ? దగ్గరగా చెయ్" అన్నాడు.
చేశాను.
రెండక్షరాలు తీసి రెండక్షరాలు పెట్టాను.
లైను కూడా జరగలేదు.

అంటించడానికి నన్నే పంపారు.
బాల్నర్సు నోటీసు బోర్డు అద్దం తాళం తీసి పట్టుకున్నాడు.
ఎవరో గట్టిగా చదివారు.
"మనం తీస్కున్నమంటనే! నువ్ తీస్కున్నవా షహనాజ్?"
"మా దాంట్ల ఒకటే మాట, హమ్.
అండ్ల ఎవరెవరున్నరో అడిగితేనే ఎర్కైతది."
"అయితే అడుగుదాం," అంది పోశవ్వ,
"తీస్కున్నోళ్లు చెయ్యెత్తుండ్రి."
నవ్వులు.
ఒక్క చెయ్యీ లేవలేదు.
బాల్నర్సు తాళంచెవి పట్టుకున్న చేతిని
మెల్లగా జేబులోకి దించుకున్నాడు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.
కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని.
"మీరా మేడం?"
నా మెడలోనూ అదే నీలం రిబ్బను.
"నేను రాశానంతే" అన్నాను.
"గందుకే అడుగుతున్న," అంది పోశవ్వ,
బ్యాచ్ నంబర్లేసే మార్కర్ నా చేతిలో పెడుతూ.
"గా ఒక్క మాట సక్కగ జేసి పో."

కొట్టేశాను. దాని పైన మేము అని రాశాను.
చదివారు. టిఫిన్ డబ్బాల దగ్గరికి వెళ్లిపోయారు.
యూనిట్ మాత్రం రాసిన తేదీకే మూతపడింది.

తిరుగు ఆటోలో, అరచేతికంటిన నల్లసిరా రుద్దుకుంటూ
ఆ మేములో నేనున్నానా అని లెక్కేశాను.
బాలానగర్ దాటింది.
మూసాపేట దాటింది.

సోమవారం, మిగిలిన యూనిట్ల కోసం కొత్త వాక్యం వచ్చింది.
"వుయ్ ఆర్ లిజనింగ్."
మనం వింటున్నాం.
మేము వింటున్నాం.
రెండూ చెరిపేశాను.
తెలుగులో ఒక వెసులుబాటుంది,
ఇన్నాళ్లూ వాడుకోలేదు.
కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది,
మనకీ మేముకీ క్రియ తోక ఒకటే.
"వింటున్నాం" అని పెట్టాను.

ప్రణీత్ చదివించుకున్నాడు. తల ఎటూ వంచలేదు.
"సూపర్. చిన్నగా ఉంది," అన్నాడు,
"బ్యానర్ మీద బాగా పడుతుంది."